ఓడ పేరు చదవాలంటే ఎన్ని పిక్సెళ్లు కావాలి

పోయిన ఆదివారం సాయంత్రం విశాఖపట్నం తెన్నేటి పార్కులో పిట్టగోడ మీద మోచేతులు ఆనించి ఒక ఓడను ఫొటో తీశాను. కంటికి అది నీళ్ల మీద పెట్టిన అగ్గిపెట్టెలా ఉంది. కెమెరా స్క్రీన్ మీదా అంతే, ఫ్రేములో ముప్పాతిక భాగం సముద్రమూ ఆకాశమూ. ఇంటికొచ్చి కాఫీ పెట్టుకుని, లాప్‌టాప్‌లో ఆ ఫొటోను వంద శాతానికి పెంచి ఓడ వెనక భాగం దగ్గరికి జరిపాను. తుప్పు చారలు కనిపించాయి. వాటి మధ్య తెల్ల పెయింటుతో రెండు వరుసల అక్షరాలు. పై వరుస ఓడ పేరు. కింద చిన్న అక్షరాల్లో అది రిజిస్టరయిన రేవు పేరు, మన్రోవియా, అంటే లైబీరియా దేశపు ఓడ. చుక్కలు చుక్కలుగా ఉన్నా, ఏ అక్షరం ఏదో అనుమానం లేకుండా చదవగలిగాను.

ఆ పేరు శుక్రవారం నేను ఆఫీసులో టైపు చేసిన పేరే.

నేను పోర్టు ఏరియాలో ఒక క్లియరింగ్ ఏజెన్సీలో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా వేళ్ల కింద నడిచేవి ఓడల పేర్లే. బిల్ ఆఫ్ ల్యాడింగ్‌లో ఒకసారి, మేనిఫెస్ట్‌లో ఒకసారి, డెలివరీ ఆర్డర్‌లో ఇంకోసారి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చిందంటే అమెండ్‌మెంట్ పెట్టాలి. దానికి ఫీజు, దానికి తిరుగుడు, ఆ రోజంతా టెన్షన్. పదహారేళ్లలో కొన్ని వేల పేర్లు కొట్టి ఉంటాను. వాటిలో నా కళ్లతో చూసిన ఓడలు చాలా తక్కువ. ఫోన్లో యాప్ తెరిస్తే ఏ ఓడ ఎక్కడ లంగరు వేసిందో చెబుతుంది, నిజమే. కానీ కాగితం మీది పేరు నీళ్ల మీద, నిజమైన ఇనుము మీద కనిపించినప్పుడు కలిగే సంతోషం యాప్‌లో రాదు. దాని కోసమే ఆదివారాలు కెమెరా పట్టుకుని బయల్దేరతాను.

నా దగ్గరున్నది నికాన్ డి850. 2017లో వచ్చిన కెమెరా, నేను రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. దానికి 300 ఎంఎం ఎఫ్/4 పీఎఫ్ లెన్సు, తేలిగ్గా ఉండేలా చేసిన రకం. లెన్సు బరువు 755 గ్రాములు, బాడీ ఒక కిలో. పిట్టలు తీసే మా స్నేహితులు చాలామంది 200-500 లెన్సు వాడతారు, అది ఒక్కటే 2 కిలోల 300 గ్రాములు. నాకు కుడి భుజం పట్టేసి ఏడాది పాటు ఫిజియోథెరపీకి తిరిగాను. ఆ బరువు ఎత్తి పట్టుకోవడం ఇక నా వల్ల కాదు. 600 ఎంఎం ఎఫ్/4 మాట సరే సరి, ఆ డబ్బుకు కారు వస్తుంది. అందుకని నాకు దూరం అందాలంటే అది క్రాప్ నుంచే, అంటే ఫొటో అంచులు కోసేసి కావలసిన ముక్కే ఉంచుకోవడం నుంచే అందాలి.

క్రాప్ చేయడం అంటే తీయడం చేతకాక తర్వాత సర్దుకోవడం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఎంత క్రాప్ చేస్తానో ముందే లెక్క వేసుకుని తీసే ఫొటోకి, ఏదో ఒకటి తీసుకొచ్చి ఇంట్లో కోసుకునే ఫొటోకి చాలా తేడా ఉంది. ఆ లెక్క పెద్ద కష్టమూ కాదు.

ఓడ మీద ఒక అక్షరం 1 మీటరు ఎత్తు ఉందనుకుందాం. అది మనకు 3 కిలోమీటర్ల దూరంలో ఉంది. 300 ఎంఎం లెన్సుతో చూస్తే సెన్సార్ మీద ఆ అక్షరం నీడ సరిగ్గా 0.1 మిల్లీమీటరు పడుతుంది. అక్షరం ఎత్తును ఫోకల్ లెంగ్త్‌తో, అంటే ఆ 300 ఎంఎంతో గుణించి దూరంతో భాగించాలి, అంతే. డి850లో ఒక్కో పిక్సెల్ 4.35 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అంటే ఆ అక్షరం ఎత్తున 23 పిక్సెళ్లు పడతాయి. కింద ఉన్న రేవు పేరు అరమీటరు అక్షరాలైతే 11 పిక్సెళ్లు. నా అనుభవంలో 10 పిక్సెళ్లు ఉంటే అక్షరం చదవొచ్చు, అంతకన్నా తగ్గితే ఊహించుకోవాలి. ఇంతకుముందు నా దగ్గర డి750 ఉండేది, 24 మెగాపిక్సెళ్లది. దాని పిక్సెల్ దాదాపు 6 మైక్రాన్లు. అదే ఓడ, అదే లెన్సు, అదే గోడ. పేరుకి 17 పిక్సెళ్లు, రేవు పేరుకి 8. పాత ఫొటోల్లో ఓడ పేరు తెలిసి, ఏ దేశపు జెండాదో తెలియక ఎన్నిసార్లు కళ్లు చికిలించానో నాకు గుర్తే.

ఓడలకు ఐఎంఓ నంబరు అని ఏడంకెల నంబరు ఉంటుంది. పేరు మారినా, యజమాని మారినా అది మారదు. దాన్ని ఓడ పైన బయటికి కనిపించేలా కనీసం 200 మిల్లీమీటర్ల ఎత్తు అంకెలతో రాయాలని అంతర్జాతీయ నిబంధన ఉంది. 3 కిలోమీటర్ల నుంచి ఆ అంకెలకు నాకు దొరికేది 5 పిక్సెళ్ల లోపే. అది క్రాప్‌కి లొంగదు. తెల్లటి గీత ఒకటి ఉందని మాత్రం తెలుస్తుంది. ముందే ఈ లెక్క తెలుసు కాబట్టి దాని కోసం ప్రయత్నించడం మానేశాను.

ఇక్కడ కొత్తగా కెమెరా కొనేవాళ్లు ఒక విషయం గమనించాలి. 24 మెగాపిక్సెళ్ల నుంచి 45.7కి వెళ్తే సంఖ్య దాదాపు రెట్టింపు. కానీ మన చేయి ఎంత దూరం అందిందీ అన్నది వెడల్పు లెక్క. 6016 పిక్సెళ్ల వెడల్పు 8256 అయింది, అంటే 1.37 రెట్లు. నా 300 లెన్సు 411 అయినట్టు. లెన్సుకీ బాడీకీ మధ్య పెట్టే 1.4 రెట్ల టెలీకన్వర్టర్ తగిలించినంత, అంతకన్నా ఒక వీసం తక్కువ. కన్వర్టర్ తగిలిస్తే ఒక స్టాప్ వెలుగు, అంటే సగం వెలుగు పోతుంది, ఎఫ్/4 కాస్తా ఎఫ్/5.6 అవుతుంది. పిక్సెళ్లు పెరిగితే ఫోకస్‌కి అందే వెలుగు అలాగే ఉంటుంది. ఇది చిన్న లాభం కాదు. కానీ మెగాపిక్సెళ్లు రెట్టింపయ్యాయి కాబట్టి పిట్ట రెండింతలు దగ్గరికి వస్తుందనుకుని కొంటే మాత్రం నిరాశ తప్పదు. అది జరగాలంటే పిక్సెళ్లు నాలుగింతలు కావాలి.

క్రాప్ మనకు ఇవ్వనిది వెలుగు. ఫ్రేమును అటు సగం, ఇటు సగం కోస్తే మిగిలేది పావు వంతు సెన్సార్. అంటే మన ఫొటోలో వాడుకున్న వెలుగు కూడా పావు వంతే. ఐఎస్ఓ (తక్కువ వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే సంఖ్య) 1600లో తీసి సగానికి క్రాప్ చేసి అదే సైజులో ప్రింటు వేస్తే, గరగర అంతా 6400లో తీసినట్టు ఉంటుంది. చేతి వణుకు కూడా దాంతోపాటే పెరుగుతుంది. ఫుల్ ఫ్రేములో కనిపించని కదలిక క్రాప్‌లో అక్షరాన్ని జంట అక్షరం చేస్తుంది. అందుకే గోడ మీద ఆనించి తీసినా షట్టర్ వేగం 1/1000 సెకనుకి తగ్గనివ్వను. అపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే కంత, ఎఫ్/8 దాటి చిన్నది కానివ్వను, ఎఫ్/16 దగ్గర లెన్సు ఎంత మంచిదైనా గీతలు మెత్తబడతాయి, ఆ మెత్తదనాన్ని పెంచి చూసుకోవడమే మిగులుతుంది.

గాలి సంగతి వేరు. దానికి లెన్సు లేదు, పిక్సెల్ లేదు. మే నెలలో ఒకసారి మధ్యాహ్నం పూట ఇదే గోడ దగ్గర నలభై ఫొటోలు తీశాను. ఒక్కదానిలోనూ పేరు లేదు. ఓడ అడుగు భాగం నీటి మీద తేలుతూ వణుకుతున్నట్టుంది, అక్షరాలు ఒక ఫొటోలో వంగి, ఇంకో ఫొటోలో సాగి, మరో దాంట్లో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వేడెక్కిన రోడ్డు, వేడెక్కిన రాళ్ల మీదుగా చూస్తున్నాం కదా, మనకీ ఓడకీ మధ్య గాలి ఉడుకుతూ ఉంటుంది. 600 ఎంఎం ఉన్నా ఆ ఉడుకునే పెద్దది చేసి చూపించేది. పొద్దున్నే వెళ్దామంటే మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు ఓడ వెనక నుంచి లేస్తాడు, మన వైపు తిరిగిన భాగమంతా నల్లగా ఉంటుంది. అందుకని నా సమయం చలికాలం సాయంత్రం నాలుగున్నర, లేదా వాన వెలిసిన సాయంత్రం. కైలాసగిరి నీడ మన మీద పడ్డాక కూడా దూరంగా ఉన్న ఓడ మీద ఎండ ఇంకా ఉంటుంది. లంగరు మీద ఉన్న ఓడ గాలికీ నీటి పోటుకీ తిరుగుతూ ఉంటుంది. సముద్రం మీద నుంచి గాలి వీస్తుంటే ముక్కు అటు తిప్పి, వెనక భాగం మనకు చూపిస్తుంది. పేరూ రేవూ రెండూ ఒకేచోట రాసి ఉండేది అక్కడే. అది తిరిగే దాకా గోడ మీద అరగంట కూర్చున్నా నాకు విసుగు రాదు.

మన ఊరు తూర్పు నౌకాదళానికి ప్రధాన స్థావరం. నేను కెమెరాను నేవీ వైపు తిప్పను, పోర్టు లోపలికీ పట్టుకెళ్లను. బయట లంగరు మీద ఉన్న సరుకు ఓడలు చాలు నాకు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కూడా ఈ జాగ్రత్త తప్పకుండా పాటించాలి.

ఈమధ్య ఏఐతో ఫొటోను పెద్దది చేసే సాఫ్ట్‌వేర్ వాడమని మా ఆఫీసులో కుర్రాడు నేర్పించాడు. ఆ మే నెల ఫొటో ఒకటి దానికి ఇచ్చాను. అక్షరాలు కడిగిన ముత్యాల్లా వచ్చాయి. కానీ ఆ పేరుతో ఓడే లేదు. గుండ్రంగా అలుక్కుపోయిన చోట అది తనకు తోచిన అక్షరం గీసేసింది. పక్షి ఈకల విషయంలోనూ అంతే చేస్తుంది, మనకు తెలియదు కాబట్టి బాగుందనుకుంటాం. ఒక్క అక్షరం తప్పు పడితే ఏమవుతుందో నా ఉద్యోగంలో రోజూ చూసేదాన్ని, నా ఫొటోలో లేని అక్షరాన్ని నేను ఒప్పుకోలేను. చదవలేకపోతే చదవలేకపోయాననే రాసుకుంటాను.

పిట్టల దగ్గరికొద్దాం. ఓడ ఎక్కడికీ పోదు, ఎండ తగ్గే దాకా ఆగుతుంది. పిట్ట ఆగదు.

కొండకర్ల ఆవకు, అంటే అక్కడి మంచినీటి సరస్సుకు, చలికాలంలో నెలకోసారి వెళ్తాను. అచ్యుతాపురం వైపు, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. అక్కడ తాటి దోనెలు ఉంటాయి. తాటి మాను తొలిచి చేసినవి, రెండు జోడించి కడతారు. దాంట్లో ట్రైపాడ్ పెట్టడం కుదరదు, మనం ఊపిరి తీసినా అది కదులుతుంది. చేత్తో పట్టుకుని తీయాల్సిందే. అక్కడ తేలిక లెన్సు విలువ తెలుస్తుంది. నన్ను ఎప్పుడూ తీసుకెళ్లేది ఒకాయనే. అరవై దాటాయి, బాబాయ్ అని పిలుస్తాను. గెడ నీళ్లలో దిగిన చప్పుడు కూడా రాకుండా నడుపుతాడు.

మొదటి ఏడాది నేను తొందరపడి, "ఇంకొంచెం ముందుకు పోనీ బాబాయ్" అన్నాను. వల కట్టిన వెదురు కర్ర మీద నలుపు తెలుపు లకుముకి పిట్ట కూర్చుంది. దాదాపు నలభై మీటర్లు ఉంటుంది.

"వద్దమ్మా. ఇంకెల్తే లేచిపోద్ది. ఇక్కణ్ణుంచే తీసుకోండి. మీ కెమెరా లాగుద్ది కదా" అన్నాడు.

తీశాను. ఆ పిట్ట పొడవు ఓ జానెడు పైన, 25 సెంటీమీటర్లు. నలభై మీటర్ల నుంచి దాని మీద పడింది 430 పిక్సెళ్లు. ఇంటికొచ్చి పిట్ట పెద్దగా కనిపించాలని కోస్తూ పోయాను. చివరికి 2100 పిక్సెళ్ల వెడల్పు మిగిలింది. ఫోన్లో అద్భుతంగా ఉంది, ఎందుకుండదు, ఇన్‌స్టాగ్రామ్‌కి 1080 వెడల్పు చాలు. ఆ ధైర్యంతో డాబాగార్డెన్స్‌లో ఒక ల్యాబ్‌కి 12x18 ప్రింటుకి ఇచ్చాను. "ఫైలు చిన్నదండీ మేడమ్, ఎ4 వేయించుకోండి" అని అక్కడి అబ్బాయి చెప్పాడు. నేను వినలేదు. 2100ని 18 అంగుళాలకు పంచితే అంగుళానికి 117 పిక్సెళ్లు కూడా రావు. గోడకు పెట్టి చూస్తే ఆ పిట్ట రొమ్ము తడిసిన దూదిలా ఉంది. తప్పు పూర్తిగా నాదే. ఆ ప్రింటు బాబాయ్‌కి ఇద్దామని వేయించాను, ఇవ్వడానికి మనసొప్పలేదు.

తర్వాతి చలికాలం వచ్చేలోగా ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందు ప్రింటు సైజు, తర్వాత దూరం. 12x18ని అంగుళానికి 300 చొప్పున వేయాలంటే 5400, 3600 పిక్సెళ్లు కావాలి. ఈ కెమెరాలో సెన్సార్ మధ్య భాగాన్నే వాడుకునే డీఎక్స్ క్రాప్ పెడితే వచ్చేది 5408, 3600. కొలిచి చేసినట్టే ఉంది! అంటే నా 300 లెన్సు 450 లాగా పనిచేసినా ఆ ప్రింటుకి ఒక్క చుక్క కూడా తక్కువ కాదు. అక్కడి నుంచి పూర్తి ఫ్రేము వెడల్పులో సగానికి కోత దాకా కూడా వెళ్తాను, 4128 పిక్సెళ్లు మిగులుతాయి, అంగుళానికి 229. చేయి చాచినంత దూరం నుంచి చూస్తే తేడా పట్టుకోలేం. దాన్ని దాటి కొయ్యను.

అలాగని కెమెరాలోనే డీఎక్స్ పెట్టి తీయడం మొదలుపెట్టాను. ఫైలు చిన్నది, ఫోకస్ పాయింట్లు దాదాపు ఫ్రేమంతా పరుచుకుంటాయి, తీసిన ఫొటోలో పిట్ట పెద్దగా కనిపిస్తుంది. రెండో ట్రిప్పులోనే దాని ఖరీదు తెలిసింది. పిట్ట కర్ర మీద నుంచి లేచి నీళ్ల మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడింది, తల కిందికి వంచి, ఆ తర్వాత రాయి పడ్డట్టు పడింది. లేచేటప్పుడు నోట్లో చేప. ఫోకస్ పిట్ట కంటి మీదే ఉంది, వెలుగు బాగుంది, ఎడమ రెక్క కొస మాత్రం ఫ్రేము బయట ఉండిపోయింది. ఫుల్ ఫ్రేములో తీసి ఉంటే ఆ రెక్క కార్డులో ఉండేది. ఇంట్లో చేసే కోతకీ కెమెరాలో చేసే కోతకీ మిగిలే పిక్సెళ్లు ఒకటే, కానీ ఇంట్లో కోతను ఎక్కడికి జరపాలో నా చేతిలో ఉంటుంది. ఆ రోజు నుంచి ఎంత దూరమైనా ఫుల్ ఫ్రేమే. ఒక్కో ఫైలు 50 ఎంబీ దాకా వచ్చినా సరే, హార్డ్‌డిస్క్ ఇంకోటి కొనుక్కుంటాను.

పోయిన డిసెంబరులో మళ్లీ దొరికింది. ఈసారి బాబాయ్ గెడ ఎత్తి దోనెను దానంతట అది జారనిచ్చాడు. ఇరవై మీటర్లు. పిట్ట మీద 860 పిక్సెళ్లు. ఐఎస్ఓ 800, షట్టర్ 1/2000, ఎఫ్/5.6. ఇంటికొచ్చి సగానికి క్రాప్ చేసి చూస్తే, కంటి చుట్టూ ఉన్న నలుపులో కన్ను విడిగా మెరుస్తూ కనిపించింది. రొమ్ము మీద వెడల్పు నల్ల పట్టీ, దాని కింద సన్నటి రెండో పట్టీ. మగది. ఆడదానికి ఒకటే పట్టీ, అదీ చాలాసార్లు మధ్యలో తెగి ఉంటుంది. దోనెలో కూర్చుని కంటితో చూసినప్పుడు ఆ రెండో పట్టీ నాకు కనిపించనే లేదు. ముక్కులో అడ్డంగా పట్టుకున్న చేప పొలుసులు కూడా లెక్కపెట్టేలా ఉన్నాయి. అదే ల్యాబ్‌లో 12x18 వేయించాను. ఈసారి ఆ అబ్బాయి ఏమీ అనలేదు, కవర్లో పెట్టే ముందు ఒకసారి లైటు కింద పెట్టి చూశాడు.

జనవరిలో వెళ్లినప్పుడు బాబాయ్ చేతికిచ్చాను. చేతులు పంచెకు తుడుచుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"బాగుందమ్మా. సక్కగా ఉంది" అన్నాడు. కాసేపాగి, "మరి ఇదెక్కడిదీ అని ఎవలైనా అడిగితే ఏటి సెప్పను? ఆవ లేదు కదమ్మా ఇందులో" అన్నాడు.

ఆయన అన్నది నిజం. పిట్ట, కర్ర కొస, వెనకంతా ఆకుపచ్చ మసక. అది ఎక్కడైనా కావచ్చు.

ఆ రాత్రి కోయని ఫైలు తెరిచాను. పిట్ట పైన కుడి వైపు ఉంది. కింద నీళ్లదాకా వెదురు కర్ర మొత్తం, తామరాకుల మీద నీటి బొట్లు, కర్రకు కట్టిన వల తాడు, ఆ తాడు జారకుండా చుట్టిన నీలం గుడ్డ. పిట్ట ఎంత దూరంలో ఉందో అవీ అంతే దూరంలో ఉన్నాయి కాబట్టి అన్నీ అంతే స్పష్టంగా ఉన్నాయి. ఇన్నిరోజులూ నేను దాన్ని చూడనే లేదు, తెరిచిన వెంటనే పిట్ట దగ్గరికి వెళ్లిపోయేదాన్ని. ఒక్క చుక్క కూడా కొయ్యకుండా 12x18 వేయించాను. అంగుళానికి 458 పిక్సెళ్లు.

మొన్న వెళ్లి ఇచ్చాను. పిట్ట వైపు ఒక చూపు చూసి వదిలేశాడు. ప్రింటును దగ్గరికి తెచ్చుకుని కిందికి వంగాడు. గుడ్డ మీద బొటనవేలు పెట్టాడు.

"ఈ ముడి నాదే. ఈ గుడ్డ మా ఇంటిదాని సీర ముక్క" అన్నాడు.

గట్టు మీద కూర్చున్న వాళ్లావిణ్ణి కేకేసి పిలిచాడు.